చంపలేదు కదా

మా శ్రీనగర్ కాలనీ వీధిలో పిల్లుల గురించి మాట మొదలైతే ఎటు తిరిగినా చివరికి ఒకచోటే ఆగుతుంది. "మనమేమన్నా చంపమంటున్నామా? దూరంగా ఎక్కడైనా వదిలేసి రమ్మంటున్నాం, అంతే." అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. పొద్దున్నే డాబా మీద పావురాలకు గింజలు చల్లేవాళ్ళు, గుడి నుంచి వస్తూ వీధికుక్కకు బిస్కెట్లు వేసేవాళ్ళు. ఆ మాట వినగానే చుట్టూ ఉన్నవాళ్ళంతా తేలికపడతారు. నేను పడలేను. చంపకపోతే చాలా? ఈ అనుమానం నన్ను వదలడం లేదు.

సంగతి చిన్నదే. మాది పాత ఇల్లు. ముందు ఆకుకూర మడులు, పక్కన కరివేపాకు, వెనక జామ. రాత్రిపూట పిల్లులు వచ్చి తోటకూరలో, కొత్తిమీరలో గుంట తవ్వి, పని కానిచ్చి, మట్టి కప్పి పోతాయి. పొద్దున నీళ్ళు పోయగానే వాసన లేస్తుంది. మొలకలు వేళ్ళతో సహా బయటపడి ఎండిపోతాయి. మనవరాలు ఆడుకునేది ఆ మట్టిలోనే. కోడలు కడుపుతో ఉంది. అందుకని తలా ఒక సలహా చెప్పారు. కారం చల్లమన్నారు, కలరా ఉండలు పెట్టమన్నారు, గేటుకి ఎర్రనీళ్ళ సీసా కట్టమన్నారు. కలరా ఉండ పిల్లికి విషం. కారం పాదాలకు అంటితే అది నాలుకతో నాక్కుంటుంది, అదే కాలితో కళ్ళు తుడుచుకుంటుంది. ఇక ఎర్రనీళ్ళ సీసా కింద కుక్కలు నిద్రపోవడం మనందరం చూస్తున్నదే.

పిల్లి మా ఇంటికే ఎందుకు వస్తుందన్నది నేను మొదట ఆలోచించలేదు. దానికి మా మీద పగ లేదు. తన మలాన్ని కప్పిపెట్టుకునే జంతువు అది. అందుకు గోళ్ళతో తవ్వగలిగిన పొడిమట్టి కావాలి. నా చిన్నతనంలో ఈ కాలనీలో ప్రతి ఇంటి చుట్టూ మట్టే. ఖాళీ ప్లాట్లు, బండల మధ్య ఇసుక, ముళ్ళకంపలు ఉండేవి. ఇప్పుడు ఎల్లారెడ్డిగూడ వైపు నుంచి సత్యసాయి నిగమాగమం దాకా నడిచి చూడండి. పాత ఇళ్ళు ఉన్నచోట అపార్ట్‌మెంట్లు లేచాయి, కింద పార్కింగ్, ఈ గోడ నుంచి ఆ గోడ దాకా టైల్స్. రోడ్డు అంచు కూడా సిమెంటే. వీధిలో పిల్లులు మాత్రం మిగిలాయి, వాటికి మిగిలిన మట్టి మా మడులు. ఇది తట్టాక నాకు కోపం పోయింది. వాసన పోలేదు.

పిల్లిని చంపితే బంగారు పిల్లిని చేయించి కాశీలో దానమివ్వాలన్న భయం వల్ల మన ఇళ్ళలో ఎన్నో పిల్లులు బతికాయి. ఆ మేలు నేను కాదనను. కానీ ఆ నమ్మకం మనకొక చెడ్డ లెక్క నేర్పింది. చేతిలో కర్ర ఉంటేనే పాపం, కర్ర లేకపోతే లేదు. సంచిలో కట్టి ఊరవతల వదిలి వచ్చినవాడికి గురివింద ఎత్తు బంగారం కూడా ఖర్చు లేదు. ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుని నిశ్చింతగా భోజనానికి కూర్చోవచ్చు. ఈ లెక్కను నేను ఒప్పుకోను. మా ఇంట్లో అది ఎలా తేలిందో చూసినదాన్ని.

డెబ్బైల చివర, నేను మూడో తరగతో నాలుగో తరగతో. ఇదే ఇల్లు. వంటింటి పక్కన సామాన్ల గది, దానికొక అటక. బూడిదరంగు చారల పిల్లి ఒకటి పాలగిన్నె మూత తోసేసేది, నాయనమ్మ మడిబట్ట ఆరేసిన దండెం కిందనే ఎప్పుడూ తిరిగేది. నాయనమ్మ రోజూ గోల. నాన్న ఎవరి మీదా చెయ్యెత్తని మనిషి, బల్లిని కూడా కాగితం మీదికి ఎక్కించి బయట వదిలేవాడు. ఒక ఆదివారం సామాన్ల గది తలుపు మూసి, పిల్లిని గోనెసంచిలోకి పట్టి, మూతి పురికొసతో కట్టి, స్కూటర్ మీద సనత్‌నగర్ తీసుకెళ్ళాడు. అక్కడ ఫ్యాక్టరీలు, గోడౌన్లు. "ఎలుకలకు కొదవ లేదు. మనింట్లో కంటే సుఖంగా బతుకుతుంది" అన్నాడు తిరిగొచ్చి. ఆయన నిజంగానే ఆలోచించి మంచి చోటు చూసి వదిలాడు.

ఆ రాత్రి అటక మీద నుంచి సన్నగా అరుపులు. పొద్దున నిచ్చెన వేసి చూస్తే ఇత్తడి గుండిగ వెనక, చినిగిన పరుపు దూదిలో మూడు పిల్లలు. ఇంకా కళ్ళు తెరవలేదు.

నాయనమ్మ ఆరోజు మడి కట్టుకోలేదు. పూజ దగ్గరికి పోలేదు. దూది ఒత్తిని ఆవుపాలలో ముంచి ఒక్కొక్కదాని నోటికీ అందిస్తూ కూర్చుంది. ఒత్తి చివర తగలగానే అవి కాళ్ళతో గాలిలో ఏదో తడిమేవి, తల్లి పొట్టను నొక్కుతున్నట్టు. ఆవుపాలు వాటికి పడవనీ, ఒంటికి వెచ్చదనం లేకపోతే తాగిన పాలు కూడా అరగవనీ మాకెవరికీ తెలియదు. సాయంత్రం నాన్న ఆఫీసు నుంచి వచ్చి, విషయం విని, బట్టలైనా మార్చుకోకుండా మళ్ళీ సనత్‌నగర్ వెళ్ళాడు. గోడౌన్ల మధ్య చీకటి పడేదాకా తిరిగాడు. ఖాళీ సంచితో వచ్చాడు. మర్నాడూ వెళ్ళాడు. ఈలోగా పిల్లలు ఒకదాని తర్వాత ఒకటి చల్లబడ్డాయి. జామచెట్టు కింద గొయ్యి తీసింది కూడా నాన్నే. "మనం కావాలని చంపలేదు కదా అత్తయ్యా" అంది అమ్మ, నాయనమ్మను ఓదార్చడానికి. నాయనమ్మ జవాబు చెప్పలేదు.

కొన్నాళ్ళకు తల్లి తిరిగొచ్చింది. ఎర్రగడ్డ దగ్గర బొంబాయి రోడ్డు దాటి, అంత దూరం ఎలా వచ్చిందో. ఎముకలు తేలి, వెనక కాలు ఈడుస్తూ వచ్చి తిన్నగా అటక ఎక్కింది. గుండిగ వెనక వాసన చూసింది. దిగి వచ్చి గదిగదికీ తిరిగి పిలిచింది. పిల్లి తన పిల్లల్ని పిలిచే గొంతు వేరు. ఆకలికి అరిచేదానిలా ఉండదు, లోపల్నుంచి దొర్లుకుంటూ వస్తుంది. నాయనమ్మ పెట్టిన పాలు ముట్టుకోలేదు. రాత్రిళ్ళు ఇంటి చుట్టూ అదే పిలుపు. తర్వాత ఒకరోజు నుంచి వినబడలేదు.

పెద్దయ్యాక మార్జాల కిశోర న్యాయం మీద ఉపన్యాసాలు చాలా విన్నాను. పిల్ల ఏమీ చెయ్యక్కర్లేదట, తల్లే నోట కరుచుకుని చేర్చాల్సిన చోటికి చేరుస్తుందట. విన్న ప్రతిసారీ నాకు మా అటకే కనబడింది. ఆ మూడూ ఏమీ చెయ్యకుండానే ఎదురుచూశాయి. వాటిని ఎత్తుకోవాల్సిన నోరు సనత్‌నగర్‌లో ఉంది. దయ వచ్చే దారికి అడ్డంగా మనిషి నిలబడగలడని, అది కూడా మంచి మనసుతోనే నిలబడగలడని ఆ న్యాయం చెప్పదు. అందుకే అది నన్ను ఓదార్చలేదు.

మన ధర్మపన్నాలు చూడని సంచిని చట్టం చూసింది. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం 11వ సెక్షన్‌లో, ఆకలిదప్పులతో బాధపడే పరిస్థితిలో జంతువును అకారణంగా వదిలేయడం కూడా క్రూరత్వమేనని ఉంది. అయితే మొదటి తప్పుకు ఆ చట్టం రాసుకున్న జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. 1976లో రాజ్యాంగంలో చేర్చిన ప్రాథమిక విధుల్లో ప్రాణుల మీద కరుణ కూడా ఒకటి. యాభై రూపాయలు, బంగారు పిల్లి. ఈ రెండిటి మధ్య ఎక్కడ నిలబడాలో రెండూ నాకు చెప్పలేదు.

సంచి మాట మా ఇంట్లో రానివ్వను. కనక జాలీ పెట్టిద్దామనుకున్నాను. ప్రహరీ సందులకూ మడులకూ కొలతలు తీసుకోవడానికి బోరబండ నుంచి వెల్డింగ్ పెద్దాయన వచ్చాడు. ఎందుకో అడిగి తెలుసుకుని, టేపు చుట్టుకుంటూ, తమ ప్రవక్త చెప్పిన స్త్రీ సంగతి చెప్పాడు. పిల్లిని బంధించి పెట్టి, ఆ పాపానికి నరకానికి పోయిన ఆవిడ. "కొట్టలేదమ్మా ఆమె. తిండి పెట్టలె, బయటికి పోయి తిననియ్యలె. గంతే." నన్ను తప్పుపట్టాలని కాదు, మాటల్లో మాటగా అన్నాడు. ఆవిడ చేతిలోనూ కర్ర లేదు. దారి మూసింది, అంతే. మన బంగారు పిల్లి లెక్కలోకి రాని పాపం అక్కడ లెక్కకొచ్చింది.

మరి జాలీతో నేను చేసేదేమిటి? మా మడులు మూస్తే పిల్లి ఎక్కడికి పోతుంది? మట్టి ఉన్న ఇల్లు వీధి చివర ఇంకొకటే ఉంది. ఆ ఇంట్లో ఎలుకల మందు తెచ్చి పెట్టుకున్నారని నాకు తెలుసు. అంటే నా జాలీ కూడా ఒక గోనెసంచేనా? సంచికి పురికొస ఉంది, దీనికి లేదు, అంతేనా తేడా?

ఒక్కోరోజు గట్టిగా అనుకుంటాను, నా బాధ్యత నా గోడ దాకానే అని. అవతలివాళ్ళు చేసేదానికి నేనెలా జవాబుదారీ అవుతాను? కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లో ఉండగా వీధి పిల్లుల బాగు చూడడం ఏం న్యాయం? ఈ వాదన బలహీనమైనది కాదు. దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. కానీ నాన్న ప్రసక్తి వచ్చేసరికి ఇది జారిపోతుంది. అటక మీద ఏముందో ఆయనకు తెలియదు. వీధి చివర ఏముందో నాకు తెలుసు. తెలిసి అదే పని చేస్తే ఆయనకున్న మన్నింపు నాకుండదు.

చివరికి చేసిందిది. మడుల మీద జాలీని పడుకోబెట్టి పరిపించాను. ఆకుకూర దాని కళ్ళలోంచి పైకి వస్తుంది, పిల్లి పంజాకు మాత్రం మట్టి అందదు. మొక్కల మొదళ్ళలో గులకరాళ్ళు పోశాం. ప్రహరీ సందులు మూయలేదు. వెనక జామచెట్టుకు దూరంగా, వాన తడవని మూలలో ఇసుక పోయించాను. ముందు మట్టి అందక, వెనక ఇసుక మెత్తగా తగిలి, అవి మెల్లగా అటు మళ్ళాయి.

రోజూ ఆ ఇసుక ఎత్తాలి. "పనమ్మాయి చేత తీయించండి ఆంటీ, ఇంకో రెండొందలు ఇస్తే సరి" అంది పక్కింటి అమ్మాయి. ఇక్కడ మాత్రం నాకు అనుమానం లేదు. పిల్లులు ఉండాలనుకున్నది నేను. దయ నాదీ, దాని అశుద్ధం ఎత్తే చేతులు ఇంకొకరివీ అయితే అదేం దయ? ఈ దేశంలో శుచి గురించి మాట్లాడినవాళ్ళు ఒకరు, ఎత్తిపోసినవాళ్ళు ఇంకొకరు. నా పెరట్లో అది జరగనివ్వను. గ్లోవ్స్ వేసుకుని పొద్దున్నే నేనే తీస్తాను. కోడల్ని ఆ వైపు రానివ్వను, ఆకుకూరలు రెండు మూడు నీళ్ళు మార్చి కడుగుతాను.

ఇందులో శాస్త్రం కూడా నాకు తోడుగా నిలిచింది. గర్భిణులు భయపడేది టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవికి. ఎలుకలనో పిట్టలనో తిని పిల్లికి అది మొదటిసారి సోకినప్పుడు, మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు మాత్రమే మలంలో వదులుతుంది. అప్పటికప్పుడు అది మనకు సోకదు. సోకే శక్తి రావడానికి ఒకటి నుంచి అయిదు రోజులు పడుతుంది. ఆ తర్వాత తడిమట్టిలో నెలల తరబడి బతికి ఉంటుంది. అంటే ఒకచోట పడి ఏ రోజుది ఆ రోజు తీసేసినదానికంటే, తరిమితే ఎక్కడెక్కడో దాచిపెట్టి పోయినదే ప్రమాదం.

పిల్లులు పెరిగిపోతాయి కదా అంటారు. నిజమే. చూడికాలం తొమ్మిది వారాలు, పిల్లలు పాలు తాగుతుండగానే మళ్ళీ చూడి కట్టగలదు. ఆపరేషన్ చేయించి ఎక్కడ పట్టామో అక్కడే వదలడం ఒక్కటే దారి. 1992లో అక్కినేని అమల హైదరాబాద్‌లో బ్లూ క్రాస్ మొదలుపెట్టింది మొదలు ఈ ఊరికి ఆ పద్ధతి కొత్త కాదు. నేనూ అందుకు సిద్ధపడ్డాను. అయినా దాన్ని అహింస అని పిలవడానికి నాకు నోరు రాదు. ఒక ప్రాణిని బోనులో పట్టి, దాన్నడగకుండా కోసి, ఇక తల్లి కాకుండా చేస్తున్నాం. దాని మేలు కోరే చేస్తున్నామంటాం. సనత్‌నగర్ గురించి నాన్న అన్నదీ అదే. ఈ రెండూ ఒకటి కావని నేను రుజువు చెయ్యలేను. ఏ అటక మీదా ఇంకో మూడు చల్లబడకూడదు, నాకున్న కారణం అదొక్కటే, దాంతోనే ఒప్పుకున్నాను.

ఇంట్లో మట్టి మిగిలినవాళ్ళను, సెల్లార్‌లో పిల్లులు తిరిగే అపార్ట్‌మెంట్లవాళ్ళను ఒకటి అడుగుతున్నాను. మీరు జాలీ పెట్టించండి, ఆపరేషన్‌కు పట్టించండి, ఏదైనా చెయ్యండి. ముందు దాని పొట్ట చూడండి. చన్నులు ఉబ్బి, చుట్టూ వెంట్రుకలు పలచబడి ఉంటే పిల్లలు దగ్గర్లోనే ఉన్నట్టు. మీటర్ల పెట్టె వెనక, మోటారు గదిలో, ఎన్నాళ్ళుగానో కదలని కారు కింద వెతకండి. ఏడిళ్ళు తిప్పుతుంది కాబట్టి నిన్న ఉన్నచోట ఇవాళ ఉండకపోవచ్చు. దొరక్కపోతే తల్లిని పట్టకండి. పిల్లలు పాలు మాని సొంతంగా తినేదాకా ఆగండి.