పాదులో దొరికిన పాత నాణెం

మొక్కకు పాదు తీస్తుంటే పలుగుకు తగిలే పాత నాణెం బంగారమే కానక్కరలేదు. తెలుగు నేలలో అది సీసపు బిళ్ల కావచ్చు. శాతవాహనులు సీసంతో, రాగితో, మిశ్రమ లోహంతో నాణేలు విరివిగా వేయించారు. మట్టి రాలితే ఒకవైపు ఏనుగో సింహమో, చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు, వెనుక నాలుగు వలయాలు కలిసిన ఉజ్జయినీ చిహ్నం కనిపిస్తాయి. కొన్నిటి మీద రెండు స్తంభాల ఓడ ఉంటుంది. వేలి గోరంత చోటులో ఒక తీరపు వర్తకమంతా ఇమిడిపోవడం నిజంగా అబ్బురం.

గోదావరి ఒడ్డున కోటిలింగాలలో దొరికిన నాణేల మీద తొలి శాతవాహన రాజు చిముకుడి పేరు చదివారు. అంతకుముందు అక్కడ ఏలిన గోబద, నారన, సమగోపుల ఉనికి తెలిసిందీ నాణేల వల్లే.

ఇలాంటి నాణేన్ని చింతపండుతో తోమకూడదు. పులుపు సీసాన్ని తినేస్తుంది, అక్షరాలు అరిగిపోతాయి. మట్టితోనే కాగితంలో చుట్టి, ఎంత లోతులో దొరికిందో, పక్కన పెంకులేమైనా ఉన్నాయో రాసిపెట్టుకోవాలి. చోటు తెలియని నాణెం సగం మూగది.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం, నేలలో దొరికిన నిధి విలువ 10 రూపాయలు దాటితే కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. దాచిపెడితే నేరం.