మాట ఎవరికిచ్చినట్లు?

మా చిలకలూరిపేట చుట్టూ ప్రత్తి మిల్లులున్నాయి, రాతి క్వారీలున్నాయి. దుమ్ము లేవకుండా నీళ్ళు చల్లుతాననీ, లారీలపై పట్టాలు కప్పుతాననీ ఒప్పుకుంటేనే క్వారీకి అనుమతి. ఒప్పుకోనివాడెవడూ ఉండడు. అసలు ప్రశ్న మరునాడు మొదలవుతుంది: ఆ మాట ఎవరికిచ్చినట్లు?

సర్కారుకి, అంటారు చాలామంది. అలాగైతే చూసీ చూడనట్లు పోయే హక్కు కూడా సర్కారుదే కావాలి. కాని దుమ్ము పీల్చేది సర్కారు కాదు గదా! పక్కన కాపురమున్నవాడికిచ్చిన మాట అది. సర్కారు దానికి సాక్షి మాత్రమే.

2006 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, అనుమతి పొందిన యాజమాన్యం షరతుల అమలుపై ఏటా జూన్ 1న, డిసెంబరు 1న నివేదిక పంపాలి. తన యంత్రాల సంగతి తనే రాయడంలో తప్పులేదు. రాసినదాన్ని సరిచూసే మనిషి లేకపోవడంలోనే ఉన్నది తప్పంతా.

విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుండి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది చనిపోయారు. తాను చేస్తున్న ఉత్పత్తికి చెల్లుబాటయ్యే పర్యావరణ అనుమతి లేదని 2019లోనే ఆ కంపెనీ ప్రమాణపత్రంలో రాసుకున్నది. దాచలేదు, చెప్పింది. ఫ్యాక్టరీ నడుస్తూనే ఉన్నది. అంటే లోటు సమాచారానిది కాదు. చదివి లేచి వెళ్ళవలసిన మనిషిది.

గట్టిగా పట్టుకుంటే మిల్లు మూతపడి కూలీ వీధిన పడతాడంటారు. యీ వాదాన్ని కొట్టిపారెయ్యలేను. కాని ఆ గాలి అందరికంటే ముందు పీల్చేది కూలీయే. మూసిన రోజులకు జీతం యాజమాన్యమే ఇవ్వాలంటే యీ వాదం ఎవరి నోట వినిపిస్తుందో చూడాలి.

1986 చట్టంలో ఉల్లంఘనకు అయిదేళ్ళ దాకా జైలు ఉండేది. 2023 సవరణ దాన్ని తీసి, పదివేల నుండి పదిహేను లక్షల జుల్మానా పెట్టింది. జైలుకి ఎవరు వెళ్ళారు గనుక, అంటారా? నిజమే. అయినా శిక్ష వేరు, ధర వేరు. శిక్ష తప్పు చేశావంటుంది. ధర, కట్టి చేసుకొమ్మంటుంది.

పెద్ద పరిశ్రమ వచ్చేముందు ఊరివారిని పిలిచి అభిప్రాయమడుగుతారు. తర్వాత ఎవరూ తొంగిచూడరు, పెళ్ళిచూపులకు పిలిచి కాపురం సంగతి నీకెందుకన్నట్లు. ఆ ఆరునెలల నివేదికలు బహిరంగ పత్రాలనీ, అడిగినవారికి ప్రతులివ్వాలనీ ఆ ప్రకటనలోనే ఉన్నది. మొదట పిలిచిన ఊరివారినే మళ్ళీ కూర్చోబెట్టి, దాన్ని తెలుగులో చదివి వినిపించవచ్చు. నీళ్ళు చల్లారో లేదో చెప్పడానికి వాళ్ళకు యంత్రాలక్కరలేదు.