మాంసము లేని విస్తరి ప్రసాదమగుట ఎట్లు?

వీరశైవ గృహములలో మాంసాహారము లేదనుట అందరెరిగిన విషయమే. ఇది మనకు తరతరములుగా సంక్రమించిన నియమము. అయితే సంక్రమించిన సొత్తు విషయమున ఒక చిక్కు కలదు. స్వయముగా ఆర్జించినవాడు దాని విలువ నెరుగును. పుట్టుకతో పొందినవాడు దానిని గూర్చి ఆలోచింపడు. మన విస్తరిలో ఏది ఉండరాదో మనకు బాగుగా తెలియును. ఏది ఉండవలెను, అది ఎట్లు సంపాదింపబడవలెను, ఎవరితో పంచుకొనవలెను అను ప్రశ్నలు వచ్చినప్పుడు మాత్రము తడబడుచున్నాము. మాంసము లేనంత మాత్రమున భోజనము ప్రసాదమగునా? ఈ ప్రశ్నను సామాన్య గృహస్థుని రాత్రి భోజనమును ముందుంచుకొని విచారింపదలచితిని.

పన్నెండవ శతాబ్దిలో కళ్యాణ నగరమున బసవేశ్వరుడు బోధించిన ధర్మములో అన్నమునకు సంబంధించిన మాటలు మూడు కలవు: కాయకము, దాసోహము, ప్రసాదము. ఒళ్లు వంచి చేసిన సత్యమైన శ్రమ కాయకము. ఆ శ్రమఫలమును సమాజమునకు వినయముతో అర్పించుట దాసోహము. ఇష్టలింగమునకు అర్పించి, ఒక్క మెతుకైనను వృథా చేయక స్వీకరించునది ప్రసాదము. ఈ మూడింటిలో ఏ ఒక్కటియు "ఇది తినవద్దు" అనుటతో పూర్తియగునది కాదు. నిషేధము గడప వంటిది. గడప దాటి ఇంటిలో అడుగుపెట్టిన తరువాత చేయవలసిన పనియే ఎక్కువ.

ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతుల వృత్తాంతము మనలో పెక్కుమంది వినియే యుందురు. కన్నడమున "ఆయ్దక్కి" యనగా ఏరిన బియ్యము. కళ్యాణములో నేలరాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట మారయ్య కాయకము. ఆ గింజలతోనే వారి గృహమున జంగమ దాసోహము జరిగెడిది. ఒకనాడు మారయ్య నిత్యముకంటె ఎక్కువ బియ్యము తెచ్చెను. లక్కమ్మ సంతోషింపలేదు. ఈ అధికము ఆశవలన వచ్చినదని భర్తను హెచ్చరించి, మిగులు బియ్యమును తిరిగి అచ్చటనే పోసి రమ్మనెను. గమనింపుడు. ఆ బియ్యములో మాంసము లేదు, దొంగతనము లేదు. అయినను అవసరమునకు మించినది గనుక ఆ యింటి పొయ్యి మీదకు ఎక్కుటకు అది తగదని ఆమె నిర్ణయించెను. శుద్ధాహారమునకు లక్కమ్మ పెట్టిన కొలత ఇది.

ఈ కొలతతో నేటి మన భోజనములను కొలిచి చూతము. వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో ఏ శుభకార్యమునకు వెళ్లినను శాకాహారపు విందు ముప్పది రకములకు తగ్గుట లేదు. తిన్నది కొంత, పారవేసినది కొంత. ఇంటిలోను వారమునకు రెండు దినములైన పనీరు లేనిదే పిల్లలు అన్నము ముట్టరని తల్లులు చెప్పుచున్నారు. పనీరు నిషిద్ధ పదార్థము కాదు. కాని ఒక కిలో పనీరునకు సుమారు ఐదారు లీటర్ల పాలు కావలెను. ఆ పాలతో ఎన్ని యిండ్లలో మజ్జిగ అన్నము దొరకునో ఆలోచింపవలెను. మాంసమును విడిచి ఆడంబరమును పట్టుకొన్నచో మనము విడిచినది పదార్థమునే గాని, భోగలాలసను కాదు.

"చవకగా వండుకొన్నచో బలమేమి?" అని కొందరడుగుదురు. ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. లెక్క వేసి సమాధానము చెప్పవలసినది. ఐదుగురున్న ఇంటికి రాత్రి భోజనమునకు 600 గ్రాముల జొన్నపిండితో రొట్టెలు, 200 గ్రాముల కందిపప్పుతో పుంటికూర పప్పు చేసితిమనుకొందము. నూరు గ్రాముల జొన్నలలో సుమారు 10 గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులో సుమారు 22 గ్రాములు మాంసకృత్తులుండును. అనగా మొత్తము 104 గ్రాములు. తలకు ఇరువది గ్రాములకు పైమాట. 55 కిలోల బరువుగల స్త్రీకి దినమునకు సుమారు 46 గ్రాములు చాలునని భారత వైద్య పరిశోధన మండలి 2020లో సూచించినది. ఒక్క పూట భోజనముతోనే అందులో మూడవవంతు కంటె ఎక్కువ లభించుచున్నది. మరియొక విశేషము. ధాన్యములలో కొరవడు లైసిన్ అను అంశము పప్పులలో సమృద్ధిగా నుండును. పప్పులలో కొరవడు మిథియొనిన్ ధాన్యములలో నుండును. రొట్టెకు పప్పును జతచేసిన మన పూర్వులకు ఈ పేర్లు తెలియవు గాని, జత మాత్రము తెలియును.

సత్యము చెప్పవలెనన్నచో లోపములను కూడ చెప్పవలెను. బి12 అను విటమిను మొక్కలలో లభింపదు. కావున శాకాహార గృహములలో పాలు, పెరుగు, మజ్జిగ విలాసము కావు, అవసరము. అవి చాలనివారు వైద్యుని సలహా పొందవలెను. ఆకుకూరలలోని ఇనుము శరీరమునకు పట్టవలెనన్నచో కొంచెము నిమ్మరసము తోడు కావలెను. భోజనమైన వెంటనే తేనీరు త్రాగు అలవాటు మానవలెను. ఎదుగు పిల్లలకు, వృద్ధులకు రాగులు మేలు. నూరు గ్రాముల రాగులలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియము కలదు. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యముల సంవత్సరముగా ప్రకటించిన పిదప పట్టణవాసులకు వీనిపై గౌరవము కలిగినది. మన పల్లెలలో జొన్నగటకయు, రాగి అంబలియు పేదవాని తిండియని చులకనగా చూడబడిన దినములు పెద్దలకు గుర్తుండును.

మన ప్రాంతమున దొరకు సులభమైన వంటలను పేర్కొందును. వేసవిలో చింతచిగురు పప్పు, ఎండ మండు దినములలో పచ్చిపులుసు. చింతపండు రసములో ఉల్లి, పచ్చిమిర్చి, జీలకర్ర, కొత్తిమీర చేర్చి పోపు పెట్టిన చాలును. పొయ్యి మీద మరిగించు పనియే లేదు. వానకాలమున తుమ్మికూర, తోటకూర, బచ్చలికూర. చలికాలమున అనుములు, బొబ్బర్లు. ఇంటిల్లిపాదికి ఆలస్యమైన రాత్రి పెసరపప్పు కిచిడి, దానితో ఒక గిన్నెడు మజ్జిగ. పిల్లలు నోరూరు తిండి అడిగిన రోజున బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, ఉల్లికాడలు కలిపి గిన్నెకు ఒత్తి కాల్చిన సర్వపిండి. ఏ కాలమున పండినది ఆ కాలమున తినుటయే వీనిలోని రహస్యము. విరివిగా పండినప్పుడు వెల తగ్గును, రుచి హెచ్చును. పప్పును ముందుగా నానబెట్టినచో వంటచెరకో, గ్యాసో మిగులును.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. వెల రూపాయలలోనే లెక్కింపదగినది కాదు. ఐదుగురికి జొన్నరొట్టెలు చేతితో తట్టుట ఎంత శ్రమయో తట్టినవారికి తెలియును. పగలంతయు పొలములోనో, కార్యాలయములోనో పనిచేసి వచ్చిన ఇల్లాలు పొయ్యి ముందు నిలబడి అందరికి వేడివేడిగా వడ్డించి, చివరకు అడుగంటిన పప్పుతో తాను తినుచున్నచో ఆ భోజనము చవకైనదని ఎట్లనగలము? దాని వెల ఆమె చెల్లించుచున్నది. శరణుల ధర్మములో అక్కమహాదేవికి, లక్కమ్మకు లభించిన స్థానమును ఉపన్యాసములలో పొగడుచు, ఇంటిలో నీళ్ల చెంబైన ముట్టని పురుషుని ఏమనవలెను? వంట కాయకమైనచో అది ఇంటివారందరి కాయకము. కూర తరుగుట, పప్పు కడుగుట, గిన్నెలు తోముట మగపిల్లలకు చిన్ననాడే నేర్పవలెను. అలసిన రాత్రి రొట్టె మాని గటక వండినచో ఎవరికిని ముఖము ముడుచుకొను హక్కు లేదు. అందరును ఒకేసారి కూర్చుండి తినగలిగినంత తేలికైనదే సులభమైన వంట.

ఇక అన్నింటికంటె సున్నితమైన విషయము. ఆహారనియమము మనలో వినయమును పెంచుచున్నదా, గర్వమును పెంచుచున్నదా? పూర్వము వరంగల్లు జిల్లాలోనిదై, ఇప్పుడు జనగామ జిల్లాలో చేరిన పాలకుర్తితో తన పేరు ముడివడిన పాల్కురికి సోమనాథుడు తన బసవపురాణములో మాదార చెన్నయ్య కథను చెప్పెను. చెన్నయ్య చోళరాజు గుఱ్ఱములకు గడ్డి కోసి తెచ్చువాడు. లోకులు అంటరానివాడన్న ఆ భక్తుడు రహస్యముగా అర్పించిన అంబలిని శివుడు ప్రీతితో ఆరగించి, రాజు అర్పించిన పక్వాన్నముల నొల్లకుండెను. చవకైన వంటకు ఇంతకంటె గొప్ప ప్రశస్తి యేమి కావలెను? ఆ గ్రంథములోనే కన్నప్ప కథయు కలదు. వేటగాడైన కన్నప్ప మాంసమునే నివేదించెను. శివుడు దానిని త్రోసిపుచ్చలేదు. ఇది మాంసభక్షణమునకు అనుమతి యని నా తాత్పర్యము కాదు. మన నియమము మనకు శిరోధార్యము. అయితే ఆ నియమమును ఇతరుల భక్తిని తూచు తరాజుగా వాడరాదని ఆ కథ చెప్పుచున్నది. కులమును బట్టి మనిషిని తక్కువ చేయరాదని పుట్టిన మతములో, కూరను బట్టి మనిషిని తక్కువ చేయుట వెనుక ద్వారమున కులమును తిరిగి తెచ్చుకొనుటయే.

ఈ ప్రశ్న పుస్తకములకే పరిమితమైనది కాదు. 2021 డిసెంబరులో కర్ణాటకలోని కొన్ని జిల్లాల ప్రభుత్వ పాఠశాలలలో మధ్యాహ్న భోజనమున కోడిగ్రుడ్లు ఇచ్చుట ప్రారంభింపగా, గ్రుడ్లు తినని పిల్లలకు అరటిపండ్లు ఏర్పాటు చేయబడెను. అయినను కొందరు మఠాధిపతులు గ్రుడ్లను అభ్యంతరపెట్టిరి. గ్రుడ్లు కావలెనని కోరిన పిల్లలును కలరు. పూజ్యుల మనోవేదనను నేను తేలికగా చూడను. మన బిడ్డకు తన నియమము చొప్పున తిను అవకాశముండవలెను. తన్నెవరును బలవంతపెట్టరాదు, ఎగతాళి చేయరాదు. అంతవరకు మన హక్కు. ప్రక్కన కూర్చున్న పేదబిడ్డ పళ్లెములోనిది తీసివేయుమనుట మాత్రము మన హక్కు కాదు. బడి పంక్తిలో ముప్పదియేండ్లకు పైగా పిల్లలను చూచుచున్న ఉపాధ్యాయునిగా చెప్పుచున్నాను: ఆకలిగొన్న బిడ్డకు ధర్మబోధ తలకెక్కదు. ఆ బిడ్డకు మనము మేలు చేయదలచినచో, తీసివేయుటతో కాక పెట్టుటతో ఆరంభింపవలెను.

పెట్టుట అనగా ఎట్లుండునో తుమకూరు సిద్ధగంగ మఠము చూపినది. 2019 జనవరి 21న, 111 ఏండ్ల వయస్సున లింగైక్యులైన శ్రీ శివకుమార మహాస్వాములవారి కాలమున అచ్చట వేలాది విద్యార్థులకు కులమత భేదము లేక వసతి, విద్య, అన్నదాసోహము నడచినవి. వారికి పెట్టినది పంచభక్ష్యములు కాదు. రాగిముద్ద, అన్నము, సాంబారు. వంట సామాన్యమైనది గనుకనే అన్ని వేల కడుపులు నిండినవి. ప్రతి విస్తరిలో ముప్పది రకములు వడ్డింపబూనినచో ఏ మఠమునకైనను సాధ్యమగునా?

మితవ్యయమునకు అర్థము ఇచ్చట తెలియుచున్నది. ఆదా చేసినది పెట్టెలోనికి పోయినచో అది పిసినారితనము. పొరుగువాని పళ్లెములోనికి పోయినచో దాసోహము. పేదవానితో "నీ అంబలి శ్రేష్ఠమైనది" అని చెప్పి మనము విందు గుడుచుట క్రౌర్యమే. లేమి వలన తిను అంబలియు, ఎంచుకొని తిను అంబలియు రుచికి ఒకటే కావచ్చును. అర్థమున ఒకటి కావు. ఎంచుకొనగలిగినవాడు మిగిల్చి, ఎంచుకొనలేనివానికి ఈయవలెను. అప్పుడే మన సరళజీవనమునకు సార్థకత.

వెనుకటి గృహములలో వండుటకు ముందు పిడికెడు బియ్యము వేరుగా తీసి యుంచు ఆచారముండెను. దానిని మరల నెలకొల్పుటకు డబ్బు అక్కరలేదు, సభలక్కరలేదు. పిడికెడనగా 50 గ్రాములనుకొన్నను నెలకు కిలోన్నర. పది యిండ్లు కలిసినచో పదునైదు కిలోలు. వారమున రెండు రాత్రులు ఖరీదైన కూరలు మాని పప్పు, రొట్టె, మజ్జిగలతో సరిపెట్టుకొన్నచో మిగిలిన సొమ్ముతో ఆ బియ్యమునకు తగిన పప్పు సమకూరును. దానిని తీసికొని ఎచ్చటికో పోనక్కరలేదు. ఎనుమాముల మార్కెట్టులో బస్తాలు మోసి అలసిన హమాలీ కుటుంబమున్నది. పనివారి బిడ్డలు చదువుకొను వసతిగృహమున్నది. మన వీథిలోనే ఒంటరిగా నున్న ముసలితల్లి యున్నది. ఇచ్చునప్పుడు వారి కులమును అడుగరాదు. వారింటిలో ఏమి వండుకొందురో అసలే అడుగరాదు.

కాన మాంసము లేని విస్తరి ప్రసాదమగుటకు నాలుగు పరీక్షలు: అది సత్యమైన కాయకముతో వచ్చినదా? అవసరమునకు మించకున్నదా? వండినవారు కూడ తృప్తిగా తినిరా? అందులో పరునికి భాగమున్నదా? ఈ నాలుగింటికి ఔనని చెప్పగలిగిననాడు గటకయు మజ్జిగయు మాత్రమే యున్నను లింగార్పణకు తగిన భోజనమే. చెప్పలేనినాడు విస్తరి ఎంత నిండుగా నున్నను వెలితియే. ఈ రాత్రి వడ్డనకు ముందు ప్రతి యింటివారును ఈ ప్రశ్నలను ఒకసారి తమలో తాము అడిగికొందురు గాక.

శరణు శరణార్థి.