తొలిచూపు - తొలిపలుకు

క్రొత్తవారిని కలిసికొనునపుడు వారికి మనయెడ మంచి అభిప్రాయము కలుగవలెనని కోరుట మానవసహజము. అందుకై శుభ్రమైన వస్త్రములు ధరింతుము. పలుకు సవరించుకొందుము. మనకు పరిచయమున్న పెద్దల పేర్లను ప్రసంగవశమున వచ్చినట్లు చెప్పుకొందుము. వీనిలో శుభ్రత, మృదుభాషణము మెచ్చదగినవే. కాని ఈ ప్రయత్నమంతయు "ఎదుటివానికి నేనెట్లు కనబడుచున్నాను?" అను ఒక్క ప్రశ్న చుట్టును తిరుగుచున్నది. దీనికంటె ముందుగా వేసికొనవలసిన ప్రశ్న వేరొకటి కలదు: "నా కన్నులకు ఎదుటివాడెట్లు కనబడుచున్నాడు?" తొలి పరిచయపు మంచిచెడ్డలు ఈ రెండవ ప్రశ్నపైననే ఆధారపడియున్నవని నా విశ్వాసము. ఈ విశ్వాసము నాకు గ్రంథపఠనమువలన కలుగలేదు; నేను చేసిన తప్పువలన కలిగినది.

సుమారు ఇరువది యేండ్లనాటి మాట. జూన్ నెలలో పాఠశాలలు తెరచిన దినములు. నేను ఆరవ తరగతి ప్రవేశములు వ్రాయుచుంటిని. మోకాళ్ళవరకు బురదతో, భుజముపై తువాలుతో ఒక రైతు తన కుమారుని చేయి పట్టుకొని వచ్చి గుమ్మమువద్ద నిలిచెను. నేను తల యెత్తకయే "కాగితాలేవి?" అంటిని. ప్రక్కన కుర్చీ ఖాళీగానే యున్నది, కూర్చుండుమని అనలేదు. అతని వెనుకనే మల్లెపూవువంటి తెల్లని దుస్తులతో వచ్చిన మరియొకరికి ఆ కుర్చీయే చూపితిని. రైతు ఏమియు అనక నమస్కరించి వెడలిపోయెను. ఆ బాలుడు మాత్రము కుర్చీవంక ఒకసారి, నావంక ఒకసారి చూచెను.

పిమ్మట తరగతిలో ఆ బాలుడు నేను ప్రశ్నించినపుడు లేచి నిలిచెడివాడే గాని నోరు విప్పెడివాడు కాడు. తక్కిన ఉపాధ్యాయుల తరగతులలో చక్కగా చెప్పుచున్నాడని తెలిసినపుడు నాకు విషయము బోధపడెను. నా నుదుట విభూతి కలదు. కంఠమున లింగము కలదు. వీనిని ధరించినవాని నడవడి యిట్టిదని కదా ఆ పసివాడు నేర్చుకొనెను! ఆ దినమున చెడ్డగా కనబడినది బురదకాళ్ళ రైతు కాదు, నేను.

ఒక సాయంకాలము వారి ఇంటికి పోయితిని. ఆయన నన్ను చూడగనే మంచము వాల్చి, చెంబుతో నీళ్ళు తెచ్చి, "కూసోండ్రి సారూ" అనెను. నేనాయనకు చేయని మర్యాదయంతయు ఆయన నాకు చేసెను. నా తప్పు ఒప్పుకొనగా ఆయన నవ్వి ఊరకుండెను. బాలుడు నా యెదుట నోరు విప్పుటకు మాత్రము సంక్రాంతి సెలవులు దాటినవి.

బసవేశ్వరుని మహిమలలో భక్తులు చెప్పుకొను కథ యొకటి అప్పుడు నాకు స్ఫురించెను. కల్యాణమున ఆయన ఇంట శరణులకు జరుగు ఆదరమును చూచి, కొందరు లింగమునకు మారుగా వంకాయలను వస్త్రమున ముడిచి మెడలో కట్టుకొని, భక్తవేషమున వచ్చిరట. బసవేశ్వరుడు వారిని నిజమైన శరణులనుగానే భావించి ఆదరించెను. తుదకు ముడి విప్పి చూడగా వంకాయలు లింగములై యుండెనట. ఈ కథ నాకు బోధించినది ఇది: వచ్చినవాడు ఎట్టివాడగునో అతని గుణమొక్కటే నిర్ణయింపదు, మనము చూచు చూపును కొంత నిర్ణయించును. గౌరవము పొందినవాడు ఆ గౌరవమునకు తగినవాడు కావలెనని యత్నించును. నా చూపు ఒక చురుకైన బాలుని నోరు మూసినది.

"అట్లయిన వేషధారులు మనలను మోసగింపరా?" అని కొందరడుగవచ్చును. తగిన ప్రశ్నయే. కురులే వస్త్రముగా అక్కమహాదేవి కల్యాణమునకు వచ్చినపుడు అల్లమప్రభువు ఆమెను కఠినమైన ప్రశ్నలడిగెనని శూన్యసంపాదన వర్ణించుచున్నది. ఆమె రూపమును చూచి ద్వారము మూయలేదు. రూపమును చూచియే శిరసు వంచనూ లేదు. అడిగిరి, వినిరి, పిమ్మట గౌరవించిరి. కావున విచారణ వేరు, తిరస్కారము వేరు. ధనమప్పగించుటకు ముందు విచారింపవలసినదే. పిల్లనిచ్చుటకు ముందు విచారింపవలసినదే. కూర్చుండుమనుటకు, దాహమిచ్చుటకు విచారణ యేల?

"శరణు శరణార్థి" అని మనము పలుకరించుకొందుము. ఎదుటివాని విద్య, ధనము, పదవి తెలియకమునుపే ఈ మాటతో మనము తల వంచుచున్నాము. మాట నాలుకపై నిలిచి కన్నులలో లేకున్నచో అది వట్టి ఆచారమగును. గృహద్వారముననైనను, మఠద్వారముననైనను క్రొత్తవారు వచ్చినపుడు మన పిల్లలు మన ముఖమువంకనే చూచుచుందురు. వచ్చినవారి కాళ్ళ బురదను ముందు చూచుచున్నామో, ముఖమును ముందు చూచుచున్నామో వారు కనిపెట్టుదురు. ఆ పాఠమును వారు మరచిపోరు.

నేటికిని ప్రవేశముల దినములలో నా బల్లకు ఎదురుగా రెండు కుర్చీలు వేయించుచున్నాను. ఒకటి తండ్రికి, ఒకటి బిడ్డకు.