స్వభావమును వ్యాధియును

రోగము రెండు విధములని మనవారు సామాన్యముగా తలంతురు. యంత్రమునకు కనబడునది నిజమైన రోగము. కనబడనిది నటన, కాకున్న మనసుయొక్క పెంకితనము. రక్తపరీక్షలోనో, ఎక్సురే పటములోనో, స్కానింగులోనో ఏదైన గుర్తు దొరకెనా, ఇంటివారందఱును మంచముచుట్టు చేరుదురు. దొరకనిచో మొదటి జాలి క్రమముగా విసుగగును, విసుగు తీర్పగును. “ఆమె స్వభావమే యంత” అనునది ఆ తీర్పునకు మన యిండ్లలో వాడుకైన రూపము. ఈ మాటలో కొంత సత్యము కలదు, కొంత యన్యాయమును కలదు. రెంటిని వేఱుచేసి చూడవలసియున్నది.

మా జహీరాబాదు సరిహద్దు పట్టణము. తెలుగు, ఉర్దూ, కన్నడము, మరాఠీ బజారులో కలిసి వినబడును. ఇచ్చటి రోగికి స్థానికవైద్యుని మాటపై తృప్తి కలుగనిచో బీదరునకో, సంగారెడ్డి మీదుగా హైదరాబాదునకో పోవును. నేనెఱిగిన యొక గృహిణి యీ రెండు దారులును అయిదేండ్లు నడచినది. తలనొప్పి, గుండెదడ, కడుపులో మంట, అరికాళ్లలో తిమ్మిరి. సంచిలో కాగితములు పెరిగినవి. ప్రతి కాగితమును అంతయు సరిగానే యున్నదని చెప్పినది. “ఏం లేదంటున్నరు” అని అత్తగారు వాకిట నిలిచి పొరుగువారితో చెప్పినప్పుడు ఆమె లోపల కూర్చుండి యేడ్చినది. ఏమియు లేకున్న నొప్పి యెట్లు వచ్చును? ఇది ఆమె ప్రశ్న. చదువుకొన్నవారు తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న గాదు.

మన నైయాయికులు సుఖదుఃఖములు మానసప్రత్యక్షములనిరి. అనగా ఘటమును కంటితో చూచునట్లు దుఃఖమును మనసే నేరుగా గ్రహించునని తాత్పర్యము. ఇది యొప్పుకొన్నచో పరీక్షాపత్రమునకు గల యధికార మెంతయో తేటపడును. ఈ నొప్పికి పుండు కారణము కాదు, రక్తనాళము కారణము కాదు అని యది చెప్పగలదు. నొప్పియే లేదని చెప్పజాలదు. కారణనిషేధమును కార్యనిషేధముగా చదువుట తర్కమునందు బాలురు చేయు పొరపాటు. ఇండ్లలో మాత్రము పెద్దలే చేయుచున్నారు.

పాశ్చాత్యవైద్యులును ఈ పొరపాటునుండి యీనాటివఱకు మెల్లగా బయటపడుచునే యున్నారు. హిస్టీరియా యను పేరే గర్భాశయమునకు గల గ్రీకుపదమునుండి పుట్టినది. అనగా నేరము ముందే స్త్రీశరీరముపై వ్రాయబడియున్నది. 1859లో పారిసు వైద్యుడు బ్రికే వందలకొలది రోగులను పరిశీలించి, ఆ వ్యాధి గర్భాశయమునకు సంబంధించినది కాదనియు, పురుషులకును వచ్చుననియు చెప్పెను. అయినను ఆ పేరు పోవుటకు నూఱేండ్లకు పైగా పట్టినది. 2013లో అమెరికా మనోవైద్యసంఘము తన వ్యాధివర్గీకరణగ్రంథముయొక్క యైదవకూర్పును వెలువరించినప్పుడు ముఖ్యమైన మార్పొకటి చేసినది. అంతకుముందు, వైద్యమునకు కారణము చిక్కని బాధ యనుట యీ జాతి రోగములకు ప్రధానలక్షణముగా నుండెడిది. ఆ లక్షణమును తీసివేసి, బాధనుగూర్చిన చింత, భయము, దానికై వెచ్చించు కాలము మితిమీరినవా యని చూడుమనిరి. గుండెజబ్బు నిజముగా నున్నవానికిని ఈ దైహికలక్షణవ్యాధి యుండవచ్చును. కనుక నిజమైన రోగమా, కల్పితమా యను పాత ప్రశ్నయే యచ్చట పనికిరాకపోయినది.

ఇక స్వభావము మాట. దీనిని నేను దాటవేయదలచుకొనలేదు. కొందఱు పుట్టుకనుండియే భీరువులు, చింతాశీలులు; చిన్న దెబ్బ వారికి పెద్దదిగా తోచును. ఇట్టి స్వభావమునకు మనశ్శాస్త్రజ్ఞులు న్యూరోటిసిజము అని పేరిడిరి. వాట్సను, పెన్నెబేకరు అను నిరువురు 1989లో ప్రకటించిన ప్రసిద్ధవ్యాసమున ఒక చిత్రమైన సంగతి యున్నది. ఇట్టివారు చెప్పుకొను బాధలు ఇతరులకంటె ఎక్కువ; కాని పరీక్షలకు దొరకు రోగములు ఆ లెక్కన ఎక్కువ కావు. బార్‌స్కీ యను వైద్యుడు ఇంకొక మెట్టు దిగి, కొందఱి దృష్టి శరీరములోని చిన్న చప్పుడును పెద్దదిగా వినిపించునని చెప్పెను. గుండె అందఱికిని కొట్టుకొనును. వినువాడు భయపడును, భయమువలన అది మఱింత వేగముగా కొట్టుకొనును, వాడు మఱింత శ్రద్ధగా వినును. తన దుఃఖమునకు పేరు పెట్టలేని మనుష్యులు మఱికొందఱు. “ఎట్లున్నది?” అని యడిగిన “భుజము లాగుచున్నది” అందురే గాని “బెంగగా నున్నది” అనరు, ఆ మాట వారికి దొరకదు. ఇట్టివారిలోను దైహికబాధలు హెచ్చుగా కనబడుచున్నవి.

అత్తగారు గెలిచినట్లేనా? లేదు. కవలపిల్లలను పరిశీలించినవారు, మనుష్యుల నడుమ ఈ చింతాస్వభావములో కనబడు తారతమ్యమునకు సుమారు సగము వంశపారంపర్యమే కారణమని తేల్చిరి. మిగిలినదానిలో బాల్యకష్టములకును పాలు కలదు. ఇందులో ఎవరును కోరి తెచ్చుకొన్న దేమి? మా ప్రాంతపు ఎఱ్ఱగరపనేల రైతు చేసిన తప్పు గాదు. ఆ నేలలో జొన్నయా, కందియా, మఱేదైననా యనుట మాత్రము కొంతవఱకు వాని చేతిలో నున్నది. “నీ తప్పు” అను మాటయు “నీ చేతిలో కొంత యున్నది” అను మాటయు ఒకటి గావు. మొదటిది రోగిని కుంగదీయును, రెండవది లేపును. మన పూర్వులయెడల భక్తిగల నాకు చెప్పుటకు కష్టముగానే యున్నది గాని, చరకుడు శరీరము మనసును, మనసు శరీరమును అనుసరించునని యెంత సూక్ష్మముగా కనిపెట్టినను, ప్రజ్ఞాపరాధమను పదములోని అపరాధమను ముక్కను మాత్రమే మనవారు గట్టిగా పట్టుకొనిరి. దానికి పూర్వజన్మకర్మ తోడైనప్పుడు రోగికి పారిపోవుటకు దారియే లేదు.

ఇంటివారి పాలు కూడ లెక్కింపవలెను. బెంగుళూరు మానసికవైద్యసంస్థయందు రఘురాం మొదలగువారు 80 మంది రోగులను విచారించి 1996లో ప్రకటించిన విషయము దక్షిణదేశపు ప్రతి గృహస్థుడును తెలిసికొనదగినది. దిగులు లక్షణములు హెచ్చుగా గలవారికి లోకనిందాభయము హెచ్చు. దేహబాధలు హెచ్చుగా గలవారికి ఆ భయము తక్కువ. దిగులని చెప్పిన పెండ్లిసంబంధము తప్పును, పరువు పోవును. ఒళ్లునొప్పులు ఎవరికి రావు? నడుమునొప్పి చెప్పుకొన్న కోడలికి వేడినీళ్లు కాచి యిత్తురు. మనసు బాగులేదన్న “తిని కూర్చుంటే అట్లనే ఉంటది” అందురు. ఏ బాధకు మర్యాద దొరకునో ఆ బాధయే నోటికి వచ్చును. ఆమె అబద్ధమాడుట లేదు; మనము వినదలచిన భాషలో మాటాడుచున్నది.

ఇంతలో తొందరపడి, పరీక్షకు దొరకని ప్రతి నొప్పికిని మనసునే కారణము చేయువారును బయలుదేరిరి. వారికి 1937 నాటి సంగతి జ్ఞాపకము చేయవలెను. అప్పటి మద్రాసు రాజధానిలోని నెల్లూరు మండలమున నడుములు బిగిసి, కీళ్లు పట్టుకొనిపోయిన పల్లెజనులను పరిశీలించిన వైద్యులు దోషము బావినీటిలోని ఫ్లోరైడులో నున్నదని ఆ సంవత్సరము ప్రకటించిరి. తరువాత నల్లగొండ పల్లెల దుర్దశ లోకమంతటికిని తెలిసినది. ఆ వ్యాధి మొదటి దశలో తెలిసీతెలియని కీళ్లనొప్పి మాత్రమే. ఆ దశలో ఒక తల్లిని నీ స్వభావమే యంతయని పంపివేసిన, ఆమె బిడ్డయు ఆ నీరే త్రాగుచుండును. కావున మొదట శరీరమును చక్కగా పరీక్షించుట ధర్మము. ఒకమాఱు చక్కగా పరీక్షించిన పిమ్మట అదే పరీక్షను అయిదూళ్లలో చేయించుట మాత్రము చికిత్స గాదు, భయమునకు మేత.

చికిత్స యేది? ఒక్క వైద్యుడే, నొప్పి హెచ్చినను తగ్గినను నియమితదినములలో రోగిని చూచుట, బాధ నిజమని ముందుగా ఒప్పుకొనుట, ఆలోచనలను, అలవాట్లను మెల్లగా మార్చు సంభాషణాచికిత్స, అవసరమైనచో మందు. వీనివలన చాలమందికి కొంత మేలు కలుగుచున్నది. అందఱికిని సంపూర్ణముగా నయమగునని చెప్పజాలము. 2022 అక్టోబరులో ప్రభుత్వమువారు నెలకొల్పిన టెలిమానసు సంఖ్య 14416కు ఫోను చేసి తెలుగులోనే మాటాడవచ్చును. ఈ సంఖ్య గ్యాసుసిలిండరు సంఖ్య ప్రక్కన గోడపై వ్రాసికొన్న యిల్లు నాకింతవఱకు కనబడలేదు.

బడులలో ఈ వ్యాధి బీజములను మేము దినదినము చూచుచుందుము. పరీక్షనాడు ఉదయమున “సార్, కడుపు నొస్తుంది” అని వచ్చు బాలుని “దొంగవేషాలు” అని బెంచీపై నిలబెట్టుట మా వృత్తిలో చిరకాలపు అలవాటు. వాని కడుపు నిజముగానే నొచ్చుచుండును. ఉదయమున ఏమైన తింటివా యని మొదట అడుగవలెను, చాలమంది తినియుండరు. తినియున్నచో, ఇంటిలో నిన్న రాత్రి ఏమి జరిగినదని రెండవ ప్రశ్న, ఎవరును వినకుండ, వసారాలో అడుగవలెను. జవాబు వెంటనే రాదు. మూడవనాడో నాలుగవనాడో, పుస్తకము చూపించు నెపముతో వాడే వచ్చును.