దయా? న్యాయమా?

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారయ్యే రైలు పట్టాలు అన్నీ ఒక్క తీరుగా ఉండాలి. అదే వాటి గుణం. బస్తరు డోక్రా బొమ్మ మరొకదానిని పోలి ఉండదు. అదే దాని గుణం. కొండగావ్ ప్రాంతపు ఘడ్వా శిల్పి మట్టి రూపుపై మైనపు తీగలు చుట్టి, పైన మట్టి మెత్తి కాలుస్తాడు. మైనం కరిగిపోయిన చోట ఇత్తడి ద్రవం నిండుతుంది. ఆపై అచ్చును పగులగొట్టవలసిందే. ఒక అచ్చుకు ఒకే బొమ్మ.

భిలాయిలోని నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ వంటి చోట ఇటువంటి హస్తకళల ప్రదర్శన, విక్రయం జరిగితే, ఉతై వంటి పొరుగూళ్ల నుండి వెళ్లే మన ముందు ఒక ధర్మసందేహం నిలుస్తుంది. మనం శిల్పాన్ని కోరి కొంటున్నామా, శిల్పిపై జాలితో కొంటున్నామా?

రైలు పట్టా వెలలో ఇనుప ఖనిజం, బొగ్గు, కార్మికుని వేతనం అన్నీ లెక్కకు వస్తాయి. బొమ్మ దగ్గర మాత్రం ఇత్తడి తూకం చూసి బేరమాడితే, శిల్పి గడిపిన దినాలను లెక్కలోనుండి కొట్టివేసినట్లే. జాలితో కొన్నా చిక్కే. పనివాడు అర్థి అవుతాడు, కొన్నవాడు దాత అవుతాడు. పనికి తగిన వెల దానం కాదు, తీర్చవలసిన ఋణం.

కొనలేనివారు చూసి, మెచ్చుకొని వెళ్లవచ్చు. అందులో దోషం లేదు. తక్కువకు దక్కించుకొని, దానినే కళాపోషణ అనుకోవటంలోనే దోషముంది.