ఫార్మాట్ కొడితే ఏం పోతుంది?

మొన్నటి వీడియోలో సంచితం, ప్రారబ్ధం, ఆగామి గురించి మాట్లాడుకున్నాం. అందులో ఒక ఉదాహరణను కావాలనే దాటేశాను. కెమెరా ముందు చెప్పే ధైర్యం చాల్లేదు. ఇక్కడ రాస్తున్నాను.

మాది పెద్దపల్లి జిల్లా గోదావరిఖని. బాపు సింగరేణిలో బాయి దిగి, అక్కడే రిటైరయ్యాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఒక ఐపీఎల్ సీజన్ అంతా బెట్టింగ్ యాప్‌లో పోగొట్టుకున్నాను. మొదట నా జీతం, తర్వాత ఫ్రెండ్స్ దగ్గర చేబదుళ్లు. తొమ్మిది మంది, 1,40,000 రూపాయలు. అమ్మకు ఆపరేషన్ అని చెప్పి తీసుకున్నవి కూడా అందులో ఉన్నాయి. ఎవరికెంత ఇవ్వాలో ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీట్‌లో రాసుకున్నాను.

తర్వాతి ఉగాదికి ఇంటికొచ్చాను. పొద్దున్నే గోదావరిలో మూడు మునకలు వేసి, పచ్చడి తిని, ఇక కొత్త జీవితం అనుకున్నాను. యాప్ తీసేశాను. ఫోన్ నంబర్ మార్చాను. ల్యాప్‌టాప్ మొత్తం ఫార్మాట్ కొట్టాను. నిజం చెప్తున్నా, ఆ పూట ఛాతీ మీద నుంచి బరువు దిగినట్టే అనిపించింది. సాయంత్రం గుడికెళ్లి కొబ్బరికాయ కూడా కొట్టొచ్చాను.

నాలుగు రోజులకు ఆ ల్యాప్‌టాప్ అమ్ముదామని సెకండ్ హ్యాండ్ షాపుకు తీసుకెళ్లాను. అక్కడి తమ్ముడు చూసి, "అన్నా, క్విక్ ఫార్మాట్ కొట్టి తెచ్చినవా? ఇట్ల ఎవలకూ అమ్మకు, నీ ఫొటోలన్నీ తీస్తరు" అని రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపి చూపించాడు. అరగంటకు ఫైళ్లు ఒక్కొక్కటీ పైకొచ్చాయి. నా షీట్‌కు పాత పేరు పోయి ఏవో అంకెలు వచ్చాయి. తెరిస్తే లోపల తొమ్మిది పేర్లూ ఉన్నాయి, ఎదురుగా అంకెలతో సహా. ఆ అబ్బాయి ఏమీ అడగలేదు. స్క్రీన్ నా వైపు తిప్పి, తను ఇంకో పని చూసుకున్నాడు.

క్విక్ ఫార్మాట్‌లో జరిగేది ఇంతే. ఏ ఫైలు ఎక్కడుందో చెప్పే పట్టికను కంప్యూటర్ కొత్తగా రాసుకుంటుంది. పుస్తకంలో విషయసూచిక పేజీ చింపేసినట్టు. లోపలి పేజీలు అలాగే ఉంటాయి. వాటి మీద కొత్తది రాసినప్పుడే పాతది పోతుంది. ఫుల్ ఫార్మాట్ అయితే, విండోస్ విస్టా నుంచి, డిస్క్ అంతా సున్నాలు రాసుకుంటూ పోతుంది, అందుకే గంటలు పడుతుంది. (ఎస్‌ఎస్‌డీల సంగతి వేరు, వాటిలో పోయినవి తిరిగి రావడం చాలా కష్టం.)

సరే, ఫుల్ ఫార్మాటే కొట్టి ఉంటే? షీట్ నిజంగానే పోయేది. కానీ నా దగ్గరున్నది ఒక కాపీ మాత్రమే కదా. అసలు లెక్క తొమ్మిది మంది మనసుల్లో ఉంది. నా డిస్క్‌లో ఉన్నంత మాత్రాన అది చెరిపేసే హక్కు నాకు రాలేదు. బ్రేకప్ ఫొటోలు తీసేయండి, వైరస్ పడితే ఫార్మాట్ కొట్టండి, అవి మీవి. అప్పు లెక్క మాత్రం ఇచ్చినవాడిది.

భాగవతం ఆరో స్కంధంలో పరీక్షిత్తు సరిగ్గా ఈ సందేహమే అడుగుతాడు. ప్రాయశ్చిత్తం చేసుకుని మళ్లీ అదే పాపం చేస్తుంటే అది ఏనుగు స్నానం కాదా అని. ఏనుగు శుభ్రంగా నీళ్లలో మునిగి, గట్టెక్కగానే దుమ్ము మీద పోసుకుంటుంది. నా గోదావరి స్నానం గుర్తొచ్చింది.

దానికి శుకుడు చెప్పిందే అజామిళుడి కథ. చివరి క్షణంలో కొడుకు నారాయణుణ్ని పిలిచాడు, యమభటులు వెనక్కెళ్లారు, వైకుంఠం దొరికింది, మనలో చాలామందికి తెలిసింది ఇంతే. నేనూ ఈ ఛానల్‌లో ఒకసారి అలాగే చెప్పాను, క్షమించాలి. కథలో అజామిళుడు అప్పుడు చనిపోలేదు. బతికాడు. తను చేసినవన్నీ ఒక్కొక్కటీ తలుచుకుని కుమిలిపోయాడు. దేన్నీ మర్చిపోవడానికి చూడలేదు. ఆ తర్వాత గంగాద్వారం, అంటే హరిద్వారం వెళ్లి, సాధన చేసి, అప్పుడు దేహం వదిలాడు. నామం అతనికి ఇంకొంత సమయం ఇచ్చింది. ఆ సమయంలో అతను చేసిన పని గురించి మనం మాట్లాడుకోం.

ఆ రాత్రి బాపుకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "బొగ్గు తీసినంక ఆ జాగ ఊకనే ఇడిస్తే పైకప్పు కూలుతది బిడ్డా. గోదారి ఇసుక నీళ్లల్ల కలిపి, పైపులల్ల లోపటికి తోలి నింపుతుంటిమి. అట్ల నింపినకాడ పైన ఇండ్లు నిలవడ్డయి" అన్నాడు. పొద్దున లేచేసరికి ఒక లాంగ్ నోట్‌బుక్ బల్ల మీద పెట్టి ఉంది, పక్కన పెన్ను.

ఆ షీట్‌లో ఉన్నదంతా చేత్తో ఎత్తి రాశాను. పాత నంబర్ మళ్లీ వేయించాను. మొదటి ఫోన్ చేయడానికి రెండు రోజులు పట్టింది. అమ్మ ఆపరేషన్ అబద్ధం అని చెప్పినప్పుడు ఒకడు ఫోన్ పెట్టేశాడు, డబ్బులు తీసుకున్నాడు గానీ ఈరోజుకీ మాట్లాడడు. అది ప్రారబ్ధం ఖాతా అనుకుంటున్నాను, విడిచిన బాణం. నెలకు కొంత చొప్పున ఎనిమిది పేర్లు కొట్టేశాను. తొమ్మిదో అతను 6,000 ఇచ్చాడు, నంబర్ ఇప్పుడు పనిచేయడం లేదు. నేను మార్చినట్టే తనూ మార్చి ఉంటాడు. సొంతూరు మంథని అని మాత్రం తెలుసు. వచ్చే ఆదివారం వెళ్తున్నాను.